తడి బట్ట చరిత్ర

"కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోవాలి." మన ఇళ్ళల్లో వయసు మళ్ళిన ఆడవాళ్ళు దేవుణ్ణి కోరుకునే కోరికల్లో ఇది మొదటిది. ఈ కోరిక వెనక ఉన్నది చావు భయం కాదు. మంచాన పడితే పక్క తడుస్తుంది, ఆ తడి బట్ట ఇంకొకరు తియ్యాలి, తీసేవాళ్ళ ముఖం రోజూ చూడాలి. అసలు భయం అదీ. "అన్నీ మంచంలోనే" అని గొంతు తగ్గించి చెప్పుకునే మాటలో ఎంత అవమానం ఉందో చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. పసిబిడ్డ ఒళ్ళో ఉచ్చ పోస్తే నవ్వుకుంటూ చీర మార్చుకుంటాం. అదే డెబ్బై ఏళ్ళ మనిషికి జరిగితే ఆ గదిలోకి చుట్టాలు తొంగిచూడరు.

ఇంగ్లీషు వైద్యం దీనికి పెట్టిన పేరు ఇన్‌కాంటినెన్స్. కాంటినెన్స్ అనే మాటకి నిగ్రహం అని, ముఖ్యంగా కామ నిగ్రహం అని పాత అర్థం. అంటే శరీరంలో ఒక కండరం వదులైతే, ఒక నరం దెబ్బతింటే, దానికి తగిలించిన పేరులోనే శీలం గురించిన తీర్పు ఉంది. ఇది మగవాళ్ళకి రాదని కాదు. కానీ ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. కాన్పులు, గర్భసంచి జారడం, ముట్లుడగడం, ఇవన్నీ కారణాలు. 2007లో స్వీడన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం గర్భసంచి తీయించుకున్న స్త్రీలకు తర్వాతి కాలంలో మూత్రం కారిపోయే సమస్యకి ఆపరేషన్ చేయించుకోవాల్సిన అవసరం రెండు రెట్లకు పైగా పెరుగుతుందని చూపింది. ఈ వాక్యం మన రెండు రాష్ట్రాల్లో ఆగి చదవాల్సిన వాక్యం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇంత చిన్న వయసులో గర్భసంచులు పోగొట్టుకున్న వీళ్ళు ముసలివాళ్ళవుతారు. వాళ్ళకి ఏం బట్ట కావాలో ఇప్పటినుంచే ఆలోచించాలి.

చరిత్ర చదువుకున్నదాన్ని కాబట్టి నాకు బట్టల చరిత్ర కొంత తెలుసు. మచిలీపట్నం నుంచి ఓడలెక్కిన కలంకారీ గురించి పుస్తకాలున్నాయి. చీరాల గురించి, పోచంపల్లి గురించి ఉన్నాయి. కానీ నేసిన బట్ట చిరిగేదాకా చేసిన ప్రయాణం గురించి ఎవరూ రాయరు. కట్టి కట్టి మెత్తబడ్డ నేతచీర ముందు బొంతయ్యేది. చిరిగిన ముక్కలు పొత్తిగుడ్డలయ్యేవి, ముట్టుగుడ్డలయ్యేవి, చివరికి మంచాన పడ్డవాళ్ళ కింద పరిచే పక్కగుడ్డలయ్యేవి. మన ఇళ్ళల్లో పీల్చుకునే వస్తువు అంటే అదే. మెత్తగా ఉండేది, గాలి ఆడేది, ఖర్చు లేదు. కానీ ఒక్కసారికే తడిసి ముద్దయ్యేది. తడిసిన బట్ట ఒంటికి అంటుకుని ఉంటే చర్మం చెమర్చి, ఒరిసి, పుండ్లు పడేది.

ఆ గుడ్డలు ఎవరు ఉతికారు? పురిటి మైల, ముట్టు మైల చాకలి స్త్రీలు ఉతికారు. వాళ్ళకి కూలి ధాన్యం కొలిచి ఇచ్చిన ఇళ్ళున్నాయి, వెట్టిగా చేయించుకున్న దొరల గడీలున్నాయి. ముసలివాళ్ళ పక్కగుడ్డల్ని చాలాసార్లు ఇంటి కోడలో, పుట్టింటికి చేరిన వితంతువో నూతి దగ్గర ఉతికింది. దీన్ని సేవ అన్నారు, పుణ్యం అన్నారు. జీతం మాత్రం లేదు. ఉతికే చేతులు ఉచితంగా దొరికినంతకాలం ఉతకనక్కర్లేని బట్ట కావాలని ఇంటి యజమానికి తోచదు. పెద్దవాళ్ళ కోసం ఇలాంటి వస్తువు ఇంత ఆలస్యంగా రావడానికి నాకు కనిపించే ముఖ్యమైన కారణం ఇదే.

వచ్చిన దారి కూడా చిత్రమైనది. 1914 ప్రాంతంలో అమెరికాలో కింబర్లీ క్లార్క్ అనే కాగితం కంపెనీ చెక్క గుజ్జు నుంచి సెల్యుకాటన్ అనే పదార్థం తయారుచేసింది. దూదికంటే చవక, దూదికంటే ఎక్కువ పీలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలకు కట్లు కట్టడానికి వాడారు. ఆసుపత్రుల్లోని నర్సులు ఆ కట్లనే తమ నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన సరుకు ఏం చెయ్యాలో తెలియని కంపెనీకి ఆ నర్సులు కనిపెట్టిన ఉపయోగమే దారి చూపింది. 1920లో కోటెక్స్ అలా పుట్టింది. ఆ నర్సుల పేర్లు మనకి తెలియవు.

రెండో యుద్ధం తర్వాత ఇద్దరు తల్లులు విడివిడిగా ఒకే పని చేశారు. 1946లో అమెరికాలో మేరియన్ డోనవన్ స్నానాలగది తెర కత్తిరించి, పాప గుడ్డ మీద తొడిగే తడి దిగని చెడ్డీ కుట్టింది. 1949లో న్యూయార్కు దుకాణంలో అమ్మకానికొచ్చింది, 1951లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత వాడి పారేసే కాగితం డైపరు చేస్తానంటే తయారీదార్లు ఆసక్తి చూపలేదు. 1947లో బ్రిటన్‌లో వాలరీ హంటర్ గోర్డన్ పారాచూట్ నైలాను ముక్కలతో బయటి తొడుగు, లోపల పారేసే మెత్త పెట్టి "పాడీ" తయారుచేసింది. గుడ్డలు ఉతకడం విసుగెత్తి చేశానని ఆవిడ దాచుకోలేదు. 1961లో పాంపర్స్ వచ్చినప్పుడు అది ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్ల విజయంగా చరిత్రకెక్కింది. ఇదంతా పిల్లల కోసం. పిల్లల గుడ్డలు ఉతికే తల్లి విసుగు ఒక మార్కెట్ అయింది. ముసలివాళ్ళ గుడ్డలు ఉతికే కోడలి విసుగు మార్కెట్ కావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈలోగా ముసలివాళ్ళు ఎక్కడున్నారు? పడమటి దేశాల్లో చాలామంది దీర్ఘకాలిక వార్డుల్లో రబ్బరు షీటు మీద ఉన్నారు. 1935లో లండన్ దగ్గర వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి పక్కనున్న పాత అనాథాశ్రమ వార్డుల బాధ్యత అప్పజెప్పారు. ఏడు వందలకు పైగా మంచాలు. ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళని ఆవిడ పరీక్ష చేసి, లేపి, నడిపించి, చాలామందిని ఇళ్ళకి పంపింది. అంటే వాళ్ళలో ఎంతోమంది పక్క తడిపింది శరీరం చెయ్యలేక కాదు, లేపేవాళ్ళు లేక. 1962లో డోరీన్ నార్టన్ అనే నర్సు తన సహచరులతో కలిసి వృద్ధుల నర్సింగ్ మీద పరిశోధన ప్రచురించింది. ఒంటికి పుండ్లు ఎవరికి పడతాయో ముందే అంచనా వెయ్యడానికి ఆమె పెట్టిన అయిదు ప్రశ్నల్లో ఒకటి తడి గురించి. అప్పటిదాకా చీదరగా చూసిన విషయాన్ని కొలిచి రాయాల్సిన విషయంగా మార్చింది ఒక నర్సు.

ఇక ఆ వస్తువులోపల ఏముందో చూద్దాం. పిల్లల డైపరునైనా పెద్దల డైపరునైనా చించి చూస్తే చెక్క గుజ్జులో ఉప్పులాంటి తెల్లటి పలుకులు కనిపిస్తాయి. నీళ్ళు తగలగానే అవి జిగురుముద్దలుగా ఉబ్బుతాయి. ఈ రకం పదార్థం మీద అమెరికా వ్యవసాయ శాఖ పియోరియా పట్టణంలోని ప్రయోగశాలలో 1960ల నుంచి పనిచేసింది. మొక్కజొన్న పిండితో చేశారు. నేలలో తేమ నిలపడం వాళ్ళ ఆలోచనల్లో ఒకటి. పాంపర్స్‌ని మొదట అమ్మిచూసింది కూడా ఆ ఊళ్ళోనే, కానీ ఈ రెండూ కలవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1978లో జపాన్‌లో ఈ పదార్థం పెద్ద ఎత్తున తయారై మొదట చేరింది ఆడవాళ్ళ నాప్‌కిన్లలోకి. 1980ల్లో డైపర్లలోకి వచ్చింది. స్వచ్ఛమైన నీటినైతే తన బరువుకి కొన్ని వందల రెట్లు పీలుస్తుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది కాబట్టి అందులో ముప్ఫై నుంచి యాభై రెట్లే. అయినా పాత చీర ముక్కతో దీనికి పోలికే లేదు, ఎందుకంటే ఇది పీల్చుకున్నదాన్ని బరువు పడ్డా వదలదు.

ఇంకో సంగతి. అమెరికా అంతరిక్ష యాత్రికులు మగవాళ్ళుగా ఉన్నంతకాలం నాసా వాళ్ళకి ఒక తొడుగు, గొట్టం, సంచీ ఇచ్చింది. 1978లో మొదటిసారి ఆరుగురు స్త్రీలని ఎంపిక చేసుకున్నాక ఆ గొట్టం వాళ్ళకి పనికిరాదని తేలింది. వాళ్ళ కోసం పీల్చుకునే లాగు ఒకటి కుట్టారు. తర్వాత దాని రూపాలే ఆడా మగా అందరూ సూటులోపల వేసుకుంటున్నారు. అంతరిక్షంలో నడిచే మనిషి డైపరు తొడుక్కుంటే సాహసం. మంచంలో ఉన్న మనిషి తొడుక్కుంటే సిగ్గు. బట్ట అదే.

1980ల్లో కింబర్లీ క్లార్క్ పెద్దవాళ్ళ కోసం డిపెండ్ అమ్మడం మొదలుపెట్టినప్పుడు టీవీలో ఆ మాట పలకడానికి ఒప్పుకున్న తార జూన్ ఆలిసన్. ఒకప్పటి సినిమాల్లో పక్కింటి అమ్మాయి వేషాలు వేసిన నటి. మౌనం బద్దలైందన్నది నిజం. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. వస్తువు దొరకడంతో వైద్యం సంగతి వెనక్కి పోయింది. కటి కండరాలను బిగించే వ్యాయామాల గురించి ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు రాసింది 1948లో. దగ్గినా తుమ్మినా చుక్కలు పడే రకం చాలామందిలో ఈ వ్యాయామంతో తగ్గుతుంది. కాబట్టి ఏ డైపరు కొనాలి అనే ప్రశ్నకంటే ముందు అడగాల్సింది, డాక్టరుకి చూపించారా అని.

జపాన్ కథ మనకి ఇంకా దగ్గర, ఎందుకంటే అక్కడా అత్తమామల సేవ కోడలిదే. 1972లో అరియోషి సావాకో అనే రచయిత్రి మతి తప్పిన మామగారికి ఉద్యోగం చేసుకునే కోడలు చేసే చాకిరీ మీద నవల రాసింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1983లో హిగుచి కేయికో ముందుండి, వృద్ధ సమాజాన్ని మెరుగుపరచాలని ఒక మహిళా సంఘం పెట్టారు. సేవ కోడలి ధర్మం కాదు, సమాజం బాధ్యత అని ఏళ్ళ తరబడి వాదించారు. 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా అమల్లోకి వచ్చింది. నలభై దాటిన ప్రతివాళ్ళూ చందా కట్టాల్సిందే. 2010 దశకం మొదట్లోనే అక్కడి యూనిచార్మ్ కంపెనీకి పిల్లల డైపర్లకంటే పెద్దల డైపర్ల అమ్మకం ఎక్కువైంది. 2024లో ఓజీ కంపెనీ జపాన్‌లో పిల్లల డైపర్ల తయారీ మానేసి పెద్దలవాటి మీద దృష్టి పెట్టింది. పత్రికలు దీన్ని వింతగా రాశాయి. నాకు ఇందులో వింత కనిపించలేదు. కోడళ్ళు నోరు విప్పిన చోట తడి బట్ట బడ్జెట్‌లోకి వచ్చింది.

మన దగ్గర అది ఇంకా ఇంటిగుట్టే. మా అత్తయ్య పక్షవాతం వచ్చాక నాలుగేళ్ళు మా దగ్గర ఉన్నారు. ఎంచుకోవడం అంటే ఏమిటో నేను ఆవిణ్ణి చూసి నేర్చుకున్నాను. మందుల షాపులో "పెద్దవాళ్ళకి డైపరు" అంటే అతను "ఎల్లా, ఎమ్మా?" అని మాత్రమే అడుగుతాడు. అత్తయ్య ఏది తెచ్చినా ముందు చేతికి ఇమ్మనేవారు. చీర కొనేటప్పుడు అంచు తడిమినట్టు తడిమి, నలిపి, చెవి దగ్గర పెట్టుకునేవారు. "ఇది గలగలమంటోందమ్మాయ్, నేను కదిలితే వీధి గదిలో వాళ్ళకి తెలిసిపోతుంది" అని ఒకదాన్ని వద్దన్నారు. ఇంకోదాన్ని తొడ దగ్గర ఒరుస్తుందని వద్దన్నారు. మే నెల ఎండలో లోపలి ప్లాస్టిక్ ఎలా ఉంటుందో ఆవిడ చెప్పాకే, గుడ్డలాంటి పైపొర, గాలి ఆడే వెనక పొర ఉన్నవి వెతికాను. "ఇన్నాళ్ళకి నా ఒంటికి ఏది బాగుంటుందో అడిగారు" అన్నారు ఒకరోజు. చాలా ఇళ్ళల్లో ఎంపిక చేసేది తొడుక్కునేవాళ్ళు కాదు. హాయి అంటే ఎవరి హాయి? పరుపు తడవకపోవడం మార్చేవాళ్ళ హాయి. ఒళ్ళు ఒరుసుకుపోకపోవడం, చప్పుడు కాకపోవడం, తనంతట తాను విప్పుకోగలగడం తొడుక్కున్నవాళ్ళ హాయి. రెండూ కావాలి, కానీ రెండోదాన్ని ఎవరూ అడగరు.

నెలసరి ప్యాడ్లతో సర్దుకునే స్త్రీలు మన చుట్టూ ఎందరో. రక్తం చిక్కగా, నిదానంగా వస్తుంది. మూత్రం పలచగా, ఒక్కసారిగా వస్తుంది. ఆ ప్యాడు దాన్ని పట్టలేదు. చుక్కలు పడేవాళ్ళకి దీనికోసమే చేసిన సన్నటి ప్యాడు చాలు. నడవగలిగేవాళ్ళకి చెడ్డీలా తొడుక్కునేది నయం. లేవలేనివాళ్ళకి పక్కల టేపులున్నది, పడుకుని ఉండగానే మార్చవచ్చు. అంటించే ప్యాడుకి లోపల చెడ్డీ ఉండాలి. చీర, లంగా తప్ప లోపల ఇంకేదీ వేసుకోని మన పాతతరం ఆడవాళ్ళ కోసం ఎవరు ఆలోచించారు? సైజు అంటే వయసు కాదు, నడుము, పిరుదుల కొలత టేపుతో తియ్యాలి. పెద్ద సైజైతే ఎక్కువ పీలుస్తుందనుకుంటారు, వదులైతే తొడల పక్కనుంచి కారుతుంది. అట్ట మీద రాసిన మిల్లీలీటర్లను కూడా పూర్తిగా నమ్మక్కర్లేదు. 1996లో వచ్చిన అంతర్జాతీయ పరీక్ష పద్ధతిలో ప్యాడుని ద్రవంలో పూర్తిగా నానబెట్టి, కారనిచ్చి, తూచుతారు. ఒంటి మీద ఉన్నది అంతకంటే చాలా ముందే కారుతుంది. 2008లో బ్రిటన్‌లో మాండీ ఫేడర్ బృందం ప్రచురించిన పరిశోధన వాడేవాళ్ళనే అడిగి తేల్చిందేమిటంటే, ఒకే రకం అందరికీ సరిపోదు. ఆడవాళ్ళకి నచ్చినవి వేరు, మగవాళ్ళకి నచ్చినవి వేరు. పగటికి ఒకటి, రాత్రికి ఒకటి, బయటికి వెళ్ళేటప్పుడు ఒకటి కలిపి వాడుకోవడం మేలు. ఉతికి వాడుకునే గుడ్డరకాలకీ అందులో చోటుంది.

ఇది డబ్బున్నవాళ్ళ మాట అనొచ్చు. నిజమే. ఒక్కోటి ముప్ఫై అయిదు రూపాయలనుకున్నా, రోజుకి మూడు చొప్పున నెలకి రూ.3,150. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో పెంచాక వృద్ధాప్య పింఛను రూ.4,000. అందుకే పొద్దున కట్టినది రాత్రిదాకా ఉంచుతారు. అందుకే ముసలమ్మలు నీళ్ళు తాగడం మానేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి, మంట పుట్టి, ఇంకా ఆపుకోలేకపోతారు.

పన్నుల చరిత్ర కూడా చూడండి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు శానిటరీ నాప్‌కిన్ మీద 12 శాతం వేశారు. "లహూ కా లగాన్" అని దేశమంతా యువతులు గొడవ చేశారు. 2018 జులైలో పన్ను ఎత్తేశారు. మంచి విజయం. సుంకాల పట్టికలో అదే శీర్షిక కింద ఉన్న పెద్దల డైపరు మీద మాత్రం 12 శాతం అలాగే ఉండిపోయింది. 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గింది, అదీ మొత్తం పన్నుల సవరణలో భాగంగా. ఏ ఊరేగింపూ జరగలేదు. స్త్రీ శరీరం గురించి మన రాజకీయాలు ముట్లుడగడంతో ఆగిపోతాయా?

ఆ వాడిన డైపరు ఎక్కడికి పోతుంది అన్నది ఇంకో ప్రశ్న. కోడలి చేతి నుంచి, చాకలి స్త్రీ చేతి నుంచి తడి బట్ట మాయమైందనుకుంటాం. అది చేతులు మారిందంతే. ఇప్పుడు చెత్తబండి దగ్గర వేరు చేసే స్త్రీ చేతిలో ఉంది. ఆమె కులం ఏమిటో మనం అడగకుండానే చెప్పగలం. 2013లో పుణేలో స్వచ్ఛ్ సహకార సంఘానికి చెందిన చెత్త ఏరే స్త్రీలు వాడిన నాప్‌కిన్లను మూటకట్టి తయారీ కంపెనీలకే తిప్పిపంపారు. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు నాప్‌కిన్లు, డైపర్లు చుట్టి పారెయ్యడానికి సంచులు కంపెనీలే ఇవ్వాలన్నాయి. మీ ఇంటికి వచ్చిన పెట్టెలో అలాంటి సంచి ఉందో లేదో తెరిచి చూడండి. లేకపోతే కాగితంలో చుట్టి, గుర్తు పెట్టి, విడిగా ఇవ్వడం మనం చెయ్యగలిగిన కనీస మర్యాద.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవలో నర్సు పరీక్ష చేసి, అవసరాన్ని బట్టి ప్యాడ్లు ఉచితంగా ఇస్తారు. రోజుకి ఇన్నే అని లెక్క పెడుతున్నారని వాళ్ళు పోట్లాడుతుంటారు. మనం ఆ లెక్కదాకా కూడా రాలేదు. బీపీ, షుగరు మాత్రల కోసం ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త "చుక్కలు పడుతున్నాయా?" అనే ఒక్క ప్రశ్న అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కటి వ్యాయామాలు నేర్పే మనిషి ఉండాలి. మంచాన ఉన్నవాళ్ళకి పింఛనుతోపాటు ప్యాడ్లు కూడా అందాలి, అవి ఏ రకమో వాళ్ళే చెప్పాలి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు. పెద్దగా గొంతెత్తి అడగాలంతే, "అన్నీ మంచంలోనే" అన్నప్పటి గొంతుతో కాదు.